తెనాలి స్టూడియోలో వెయ్యికి పైగా క్యాసెట్లు: ఏవి ఎవరికి ఇచ్చాం, ఏవి ఎందుకు పారేశాం

పాత వీడియో క్యాసెట్లు వదిలించుకోవాలని నా దగ్గరికి వచ్చేవాళ్ళు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. వీటిని ఎవరైనా కొంటారా? అన్నిటినీ హార్డ్ డిస్కులోకి ఎక్కించడానికి ఎంత అవుతుంది? టేపులను డిజిటల్‌లోకి మార్చడమే నా వృత్తి కాబట్టి రెండో ప్రశ్న వినగానే ధర చెప్పి పని మొదలుపెట్టవచ్చు. కానీ వందల క్యాసెట్ల పోగు ఎదురైనప్పుడు అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటి ఉంది: ఈ క్యాసెట్‌లో ఉన్నది ఎవరిది? దానికి జవాబు దొరికితే ఏది పారేయాలో, ఏది దాచాలో, దేనిమీద డబ్బు పెట్టాలో చాలావరకు తేలిపోతుంది. తెనాలిలో ఒక ఫొటో, వీడియో స్టూడియోను ఖాళీ చేసినప్పుడు మేం చేసిన పని నా ఈ నమ్మకాన్ని గట్టిపరిచింది. కుటుంబం అనుమతితో, ఎవరి పేరూ లేకుండా ఇక్కడ రాస్తున్నాను.

స్టూడియో యజమాని 1980లలో వీడియో లైబ్రరీతో మొదలుపెట్టారు. 1982 ఆసియా క్రీడల నాటికి దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళు కలర్ టీవీ, వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయరు), మూడు నాలుగు సినిమా క్యాసెట్లు కలిపి రాత్రికి అద్దెకు ఇచ్చే వ్యాపారం ఊరూరా సాగింది. కేబుల్ టీవీ వచ్చి లైబ్రరీ గిరాకీ పడిపోయేసరికి ఆయన పానాసోనిక్ కెమెరా భుజానికెత్తుకుని పెళ్ళిళ్ళు తీయడం మొదలుపెట్టారు. 2000 దాటాక మినీ డీవీ అనే చిన్న డిజిటల్ టేపులు, ఆపైన మెమరీ కార్డులు వచ్చాయి. ఆయన కన్నుమూశాక దుకాణం షట్టరు చాలాకాలం దించే ఉంది. భార్య తెనాలిలోనే ఉన్నారు, కొడుకు ఉద్యోగం బెంగళూరులో. దుకాణం అద్దెకు ఇవ్వాలనుకున్నారు. లోపల గోడ పొడవునా అరలు, అటక మీద అట్టపెట్టెలు, వాటినిండా పదకొండు వందలకు దగ్గరగా క్యాసెట్లు.

"పాత సామాన్ల అతను వచ్చి చూశాడు బాబూ. మెషిన్లు, లైటు స్టాండ్లు తీసుకుంటానన్నాడు. క్యాసెట్లు ఊరికే ఇచ్చినా వద్దన్నాడు" అన్నారు ఆమె.

"మెషిన్లు మాత్రం ఇప్పుడే ఇవ్వకండమ్మా. పని మొత్తం అయ్యాక చూద్దాం" అన్నాను.

ఇలాంటి ఇల్లు ఏది ఖాళీ చేసినా ముందుగా చెప్పే మాట ఇదే. క్యాసెట్ల కన్నా వాటిని ఆడించే యంత్రాలే ఇప్పుడు అరుదు. వీసీఆర్‌లు, అంటే వీడియో క్యాసెట్ రికార్డర్లు, తయారు చేస్తున్న చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఉత్పత్తి ఆపేసింది. అదే ఏడాది మార్చిలో సోనీ తన బీటామ్యాక్స్ రకం వీడియో క్యాసెట్ల అమ్మకం నిలిపివేసింది. ఇప్పుడు మన చేతిలో ఉన్న ప్రతి డెక్కూ, అంటే క్యాసెట్ ఆడించే యంత్రం, పాతదే. రబ్బరు రోలర్లు గట్టిపడి ఉంటాయి, బెల్టులు సాగి ఉంటాయి, టేపును చదివే హెడ్లు అరిగి ఉంటాయి. ఒకదాని భాగాలు తీసి ఇంకొకదానికి వేస్తూ నడిపించాలి. తెనాలి స్టూడియోలోని నాలుగు వీసీఆర్‌లలో ఒకటి బాగా పనిచేసింది, ఇంకొకటి విడిభాగాలకు పనికొచ్చింది.

ఇన్ని క్యాసెట్లు స్టూడియోలోనే ఎందుకు మిగిలాయో కూడా చెప్పాలి, ఎందుకంటే వేరు చేయడం మొదలయ్యేది అక్కడే. పెళ్ళివారికి వెళ్ళేది కాపీ. కెమెరాతో తీసిన అసలు టేపులు, మిక్సింగ్ చేసి టైటిల్స్ వేసిన మాస్టరు స్టూడియోలో ఉండిపోతాయి. అప్పు బాకీ తీర్చక కొందరు క్యాసెట్ తీసుకెళ్ళలేదు. ఊరు మారిపోయి కొందరు మరిచిపోయారు. ఇవికాక లైబ్రరీ నాటి సినిమాలు. యజమాని పద్ధతి గల మనిషి. ఆర్డరు పుస్తకాల్లో ఇంటిపేరు, ఊరు, ముహూర్తం తేదీ, అడ్వాన్సు, బాకీ అన్నీ రాసి పెట్టారు. క్యాసెట్ వీపు మీద వేసిన నంబరు ఆ పుస్తకంలోని వరుస నంబరే. ఆ పుస్తకాలు దొరికిన రోజునే ఈ పని సాధ్యమని నాకు అర్థమైంది. స్టూడియో ఖాళీ చేసేవాళ్ళు కాగితాలను ముందు తూకానికి వేస్తారు. దయచేసి చివరికి వేయండి.

సినిమా క్యాసెట్లు దాదాపు ఆరు వందలు. వీటిని డిజిటల్‌లోకి మార్చవద్దని తొలిరోజే కుటుంబానికి చెప్పాను. కొడుకుకు మనసొప్పలేదు. నాన్నగారు పైసా పైసా కూడబెట్టి కొన్నవి, వాటితో పెరిగాం అన్నాడు. ఆ బాధ నాకు తెలుసు. అయినా ఆ క్యాసెట్లలో ఉన్నది కాపీకి కాపీ, అద్దెకు తిరిగి తిరిగి గీతలు పడిన బొమ్మ. ఆ సినిమాలు అంతకన్నా మెరుగ్గా వేరే చోట దొరుకుతున్నాయి. పైగా సినిమా మీద హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్ళ దాకా నిర్మాతదే కాబట్టి, మార్చినా వాటిని ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. ఎవరికీ అందని నకలు కోసం వారాల తరబడి యంత్రం హెడ్లు అరగదీస్తే, తర్వాత పెళ్ళి టేపులకూ నాటకాల టేపులకూ ఆ హెడ్లు మిగలవు. ఈ పనిలో అన్నిటికన్నా విలువైన సరుకు డెక్కు ఆయుష్షే.

అయితే సినిమా క్యాసెట్లను కళ్ళు మూసుకుని సంచుల్లో వేయలేదు. ఇళ్ళలో వాడిన మామూలు వీడియో క్యాసెట్, అంటే వీహెచ్ఎస్ క్యాసెట్, వెన్ను మీద ఒక మూల చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్‌లో మళ్ళీ రికార్డు చేయడం కుదరదు. లైబ్రరీ వాళ్ళు కొన్న రోజే దాన్ని విరిచేసేవారు. మళ్ళీ రికార్డు చేయాల్సి వస్తే ఆ కన్నానికి సెల్లోటేపు అంటించేవారు. కాబట్టి విరిగిన రెక్క మీద సెల్లోటేపు కనబడిందంటే, పైన ఏ సినిమా పేరున్నా లోపల ఇంకేదో ఉన్నట్టు లెక్క. ఒక్కొక్క క్యాసెట్ వెన్నూ వేలితో తడిమి చూశాం. సెల్లోటేపు ఉన్నవి, రెక్క విరగనివి పక్కన పెట్టి మొదలు, మధ్య, చివర ఆడించి చూశాం. సినిమా పేరున్న క్యాసెట్లలో గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, ఒక బడి వార్షికోత్సవం, 1992 కృష్ణా పుష్కరాల్లో స్నానఘట్టం బయటపడ్డాయి. రెక్క విరిగి, సెల్లోటేపు లేని మిగతావన్నీ పారేయవలసిన వరుసలోకి వెళ్ళాయి.

వాటిలోంచి కూడా బాగున్న డొల్లలు, అంటే టేపును పట్టి ఉంచే ప్లాస్టిక్ పెట్టెలు, కొన్ని దాచాను. వీహెచ్ఎస్ డొల్ల అయిదు మరలతో బిగించి ఉంటుంది. పెళ్ళి టేపు డొల్ల పగిలినా, లోపలి స్ప్రింగు తుప్పు పట్టినా, రెండు చక్రాలనూ టేపుతో సహా ఎత్తి మంచి డొల్లలో కూర్చోబెట్టవచ్చు. టేపు తెగిపోతే చివర్లు కలిపి అంటించడానికి కూడా ఇదే దారి. పారేసేవాటి ఒంట్లోంచి దాచేవాటికి అవయవాలు తీసుకున్నాం.

ఇక పెళ్ళి క్యాసెట్లు. ఇక్కడే నేను పట్టుబట్టాను. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు గానీ చలన చిత్రానికి గానీ, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి యజమాని. క్యాసెట్ అనే వస్తువు స్టూడియోది కావచ్చు, అందులోని బొమ్మ మాత్రం ఆ పెళ్ళివారిది. చట్టం సంగతి అలా ఉంచినా, ముప్పై ఏళ్ళ కిందట ఒక ఇంట్లో అందరూ కలిసి కూర్చున్న పూట మన అరలో ఉన్నప్పుడు, ఆ ఇంటివాళ్ళను అడగకుండా దాన్ని చెత్తలో వేసే హక్కు మనకు లేదని నా అభిప్రాయం. అడిగాక వాళ్ళు వద్దంటే అది వేరే మాట.

ఆర్డరు పుస్తకాల ఆధారంగా జాబితా తయారు చేశాం. అందులో ఇంటిపేరు, ఊరు, సంవత్సరం తప్ప ఇంకేమీ లేవు. ఒక్క ఫొటో గానీ, ఒక్క వీడియో ముక్క గానీ వాట్సాప్‌లో పెట్టవద్దని కుటుంబానికి గట్టిగా చెప్పాను. ఈ నియమాన్ని అతి జాగ్రత్త అనుకోవద్దు. ఆ పెళ్ళిళ్ళలో కొన్ని నిలవలేదు. కొందరు మనుషులు లేరు. ఒకరి పాత పెళ్ళి వీడియో ఊరి గ్రూపులో తిరిగితే ఇప్పటి సంసారంలో ఏ గొడవ లేస్తుందో మనకు తెలియదు. జాబితాను షట్టరు మీద అంటించాం, చుట్టుపక్కల ఊళ్ళలో తెలిసినవాళ్ళకు పంపాం. సంక్రాంతి దాకా గడువు పెట్టమన్నాను. హైదరాబాదులో, అమెరికాలో ఉన్నవాళ్ళు ఇళ్ళకు వచ్చేది, వచ్చినవాళ్ళ చెవిన ఇలాంటి మాట పడేది ఆ పండక్కే.

వచ్చినవాళ్ళు రకరకాలు. ఎక్కువమంది కోరింది మూడు గంటల పెళ్ళి కాదు. "అందులో మా నాయనమ్మ ఉంటుందండీ, ఆమె మాట్లాడింది ఎక్కడైనా ఉందా?" ఫొటోలు ఉన్నాయి, గొంతు లేదు. పెళ్ళి వీడియోల్లో సన్నాయి పాటలు, సినిమా పాటలు మిక్స్ చేసి అసలు శబ్దం తుడిచేయడం అప్పటి వాడుక. అందుకే మాస్టరు కన్నా, పాటలు కలపని కెమెరా టేపే ఈ కోరికకు పనికొస్తుంది. స్టూడియోలో మిగిలిపోయిన అసలు టేపుల విలువ అక్కడ తెలిసింది. విడిది ఇంట్లో కెమెరా తిరుగుతుండగా ఒక పెద్దావిడ వంటవాళ్ళను కేకలేస్తున్న ముక్క ఒకటి దొరికింది. ఆమె మనవరాలు డల్లాస్ నుంచి ఫోనులో విని, ఆ ముక్క ఒక్కటే చాలంది.

ఒకావిడ మాత్రం క్యాసెట్ తీసుకుని, ఇక్కడే ముక్కలు చేయమన్నారు. కారణం అడగలేదు. ఆమె కళ్ళ ముందే డొల్ల విప్పి కత్తిరించాం. ఆడపెళ్ళివారు, మగపెళ్ళివారు ఇద్దరూ వచ్చిన చోట, పుస్తకంలో డబ్బు కట్టినట్టు ఉన్నవారికి క్యాసెట్ ఇచ్చి, రెండోవారికి కాపీ చేసి ఇచ్చాం. బాకీ రాసి ఉన్న క్యాసెట్ల గురించి కొడుకు తల్లిని అడిగాడు. ఆమె ఆ పేజీలు తిరగేసి, "మీ నాన్నగారు ఉన్నప్పుడే అడగలేదు, ఇప్పుడు మనం అడుగుతామా" అని వాటినీ ఊరికే ఇచ్చేయమన్నారు.

నాటకాల టేపుల దగ్గర నా మొదటి అంచనా కన్నా ఎక్కువ కాలం ఆగిపోయాను. తెనాలి రంగస్థలానికి పెట్టింది పేరు. శ్రీరామ విలాస సభ అనే నాటక సంస్థ వేదిక మీద స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలు వేసి దేశమంతా పేరు తెచ్చుకున్న ఊరు. ఆయన 1971లోనే కన్నుమూశారు. వీహెచ్ఎస్ పుట్టింది 1976లో. అంటే ఆ తరం వేదిక మీద పద్యం ఎత్తుకున్న తీరును ఊళ్ళో ఒక కెమెరాతో పట్టుకునే వీలే అప్పుడు లేదు. తర్వాతి తరాన్ని, జిల్లాల్లో తిరిగి పద్యనాటకాలు వేసిన ఉపాధ్యాయులను, పోస్టుమాస్టర్లను, రైతులను 80లలో, 90లలో చిత్రించినవి చాలాచోట్ల ఈ పెళ్ళి కెమెరాలే. పోటీల నిర్వాహకులు స్టూడియో వాళ్ళను పిలిచి ఒక రాత్రికి తీయించుకునేవారు. ఆ టేపుకు రెండో నకలు ఎక్కడా ఉండకపోవచ్చు. అందుకే డెక్కు ఆయుష్షు వీటికోసం దాచాలని మొదటినుంచీ అంటున్నాను.

అలాంటివి నలభై దాకా ఉన్నాయి. ఒకదాని మీద బాల్‌పెన్నుతో "కాటి సీను, 2" అని ఉంది. వేసి చూస్తే వేదిక ముందు హార్మోనిస్టు, పైనుంచి వేలాడే మైకు, హరిశ్చంద్రుడి వేషంలో నడివయసు మనిషి. పద్యం ముగింపులో రాగం సాగదీస్తుండగానే జనంలోంచి "వన్స్ మోర్" అని కేకలు. ఆయన కాటికాపరి కర్ర కింద ఆనించి, గొంతు సవరించుకుని, హార్మోనిస్టు వైపు ఒక చూపు చూసి, అదే పద్యం ఇంకో మెట్టు పైన ఎత్తుకున్నాడు. నలభై నిమిషాల తర్వాత బొమ్మ ఒక్కసారి చెదిరి, పందిట్లో తలంబ్రాలు మొదలయ్యాయి. సెల్లోటేపు సంగతి తెలిసిందే కదా. ఖాళీ క్యాసెట్ ఖరీదైన రోజుల్లో నాటకం మీద పెళ్ళి రికార్డు చేశారు. మిగిలిన ఆ నలభై నిమిషాలే ఉన్నాయి. ఆ పెళ్ళివారి వంతు వాళ్ళకు, ఈ వంతు నాటకం వాళ్ళకు విడివిడిగా ఇచ్చాం.

ఈ టేపుల్లో మూడో వంతుకు బూజు పట్టింది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ, అటక మీద వాన నీరు ఇంకిన గోడ. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే చుట్టల అంచున తెల్లటి పొడి కనిపిస్తుంది. అలాంటి క్యాసెట్‌ను ఒక్కసారి కూడా వీసీఆర్‌లో వేసి చూడవద్దు. బూజు హెడ్లకు అంటుకుంటుంది, ఆ యంత్రంలో తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. ముందు వీటిని వేరు చేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో సిలికా జెల్ సంచులతో కొన్ని వారాలు ఉంచాం. తేమ తగ్గితే బూజు ఎండి పొడి అవుతుంది. అప్పుడు ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని, డొల్ల విప్పి మెత్తటి బ్రష్షుతో అంచులు దులిపాం. తర్వాత దీనికోసమే కేటాయించిన పాత యంత్రం మీద నూలుపోగు రాలని గుడ్డ ఆనించి నెమ్మదిగా చుట్టి, చివరికి మంచి డెక్కులో ఒక్కసారే ఆడించి పట్టుకున్నాం. ఎండలో పెడితే బూజు పోతుందని చాలామంది చెబుతారు. ఎండకు డొల్ల వంగుతుంది, టేపు అంచులు అల తిరుగుతాయి, ఆ తర్వాత బొమ్మ నిలబడదు.

మినీ డీవీ టేపుల పని సులువు. అవి డిజిటల్ కాబట్టి ఫైర్‌వైర్ తీగతో ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి దిగుతాయి, గంటకు 13 గిగాబైట్లు. వాటిలోనూ ఇచ్చేవి ఇచ్చాం.

ఇక పారేయడం. వీధిలో ఎవరైనా ఇచ్చే మొదటి సలహా కాల్చేయమని. డొల్ల పాలిస్టైరిన్ ప్లాస్టిక్, టేపు పాలియెస్టర్ మీద లోహపు ఆక్సైడు పూత. కాలితే వచ్చేది నల్లటి విషపు పొగ. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తమైతే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది. రెండో సలహా ఒక రైతు ఇచ్చారు. జొన్న చేలలో పిట్టలు వాలకుండా టేపు కడితే గాలికి మోగుతుంది, మెరుస్తుంది. నిజమే, పాట క్యాసెట్ల టేపుతో ఎన్నో ఏళ్ళుగా కడుతున్నారు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. టేపు తెగి ముక్కలై మట్టిలో కలిస్తే ఏళ్ళు గడిచినా కుళ్ళదు. పైగా ఆ చేలో వేలాడేది ఎవరి ఇంటి బొమ్మో కదా.

పాత సామాన్ల వాళ్ళు క్యాసెట్లు ఎందుకు వద్దంటారో అడిగి తెలుసుకున్నాను. టేపు చుట్టుకుంటే ప్లాస్టిక్ నలగ్గొట్టే యంత్రం ఆగిపోతుంది. కాబట్టి టేపు, డొల్ల విడదీసి ఇవ్వాలి. మేం ఇద్దరు కుర్రాళ్ళకు కూలి ఇచ్చి విప్పించాం. అయిదు మరలు, ఒక స్ప్రింగు, రెండు చక్రాలు. చేయి తిరిగాక పని వేగం పుంజుకుంది. మరలు, స్ప్రింగులు ఇనుముకు వెళ్ళాయి. డొల్లలను ఒక ప్లాస్టిక్ వ్యాపారి తూకానికి తీసుకున్నాడు, వచ్చింది కూలికి కూడా చాలలేదు. టేపు చుట్టలను అడ్డంగా కోయించాం. మూడు గంటల క్యాసెట్‌లో 258 మీటర్ల టేపు ఉంటుంది. చుట్టను ఒక పక్క నుంచి కోస్తే అదంతా జానెడు జానెడు ముక్కలవుతుంది, తిరిగి అతికించి చూడటం ఎవరివల్లా కాదు. పెళ్ళి క్యాసెట్లకు రెండు పక్కలా కోయించాను. ఆ ముక్కలను పురపాలక సిబ్బందితో మాట్లాడి, పునర్వినియోగానికి రాని పొడి చెత్తగా సంచుల్లో కట్టి అప్పగించాం. పాడైన వీసీఆర్‌లు, మిక్సింగ్ యూనిట్ మాత్రం అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికి పంపాం. సర్క్యూటు బోర్డులు, సీసం ఉన్న సామాను తుక్కు దుకాణానికి వేయకూడదు.

సంక్రాంతి అయ్యాక లెక్క చూస్తే పెళ్ళి క్యాసెట్లలో సగానికి పైగా తమ ఇళ్ళకు చేరాయి. ఎవరూ రానివాటిని ఇంకొన్నాళ్ళు ఉంచి, తల్లీ కొడుకులిద్దరి సంతకాలతో జాబితా రాసి, కోయించేశాం. ఆర్డరు పుస్తకాలు ఆమె దగ్గరే ఉన్నాయి. పనిచేసే వీసీఆర్‌ను నాకు అమ్మారు. దుకాణంలో ఇప్పుడు మందుల షాపు నడుస్తోంది.

నాటకాల టేపులు డిజిటల్ అయ్యాక కూడా పారేయలేదు. ఒక ఒప్పందం రాసుకుని నా పొడి అలమరలో నిలువుగా నిలబెట్టాను. కాపీలు రెండు డిస్కుల్లో, రెండు ఊళ్ళలో ఉన్నాయి. వీటిని యూట్యూబ్‌లో పెట్టమని అడిగేవాళ్ళు చాలామంది. కళాకారులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కును చట్టంలోని 38వ సెక్షన్ ఇస్తోంది కాబట్టి, ముందు ఆ కుటుంబాలను వెతుకుతున్నాం. కాటి సీనులోని హరిశ్చంద్రుడి కుమారుడు దొరికారు, పెట్టుకోమన్నారు. ఇంకొన్నిటిలో పాత్రధారులు ఎవరో ఇంకా తేలలేదు. హార్మోనిస్టులే గుర్తుపడుతున్నారు. వేషంలో ఉన్న మనిషి ముఖం తెలియకపోయినా, శృతి పట్టిన తీరు చూసి పక్క హార్మోనిస్టు ఎవరో చెబుతున్నారు, అక్కడి నుంచి నాటక సమాజం పేరు, అక్కడి నుంచి ఊరు. నాటక పరిషత్తు పోటీలు జరిగే చోటికి ఆ టేపుల్లోని నిశ్చల చిత్రాలు అచ్చు వేయించి తీసుకెళ్తున్నాను. 80లలో, 90లలో గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవారు గానీ, వారి శిష్యులు గానీ మీకు తెలిసి ఉంటే, వాళ్ళకు ఈ చిత్రాలు చూపించాలి.